లెక్కలోకి రాని గంటలు: జీతం లేని ఓవర్‌టైమ్ ఎలా పుడుతుంది, ఎవరి మీద పడుతుంది

శుక్రవారం సాయంత్రం మాదాపూర్‌లో ఏ ఆఫీసుకెళ్లినా ఒక పని జరుగుతూ ఉంటుంది. టైమ్‌షీట్ నింపడం, అంటే ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో రాయడం. సోమవారం 8, మంగళవారం 8, బుధవారం 8, గురువారం 8, శుక్రవారం 8. మంగళవారం రాత్రి పదకొండున్నర దాకా క్లయింట్ కాల్‌లో కూర్చున్న అమ్మాయి కూడా ఆ గడిలో 8 అనే రాస్తుంది. ఆమె అబద్ధం చెప్పాలనుకోదు. ఆ గడిలో 8 కంటే ఎక్కువ రాయకూడదని చేరిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు.

నేను ఐటీలో పనిచేసిన రోజుల్లో మొదటిసారి 11 అని రాశాను. పది నిమిషాల్లో టీమ్ లీడ్ నా కుర్చీ పక్కకొచ్చి, ‘ఇది బిల్ కాదమ్మా, ఎనిమిదికి మార్చేయ్’ అన్నాడు. మంచి మనిషి. ఆయన టైమ్‌షీట్‌లోనూ 8 అనే ఉండేది, ఆయన నాకంటే ఆలస్యంగా ఇంటికి వెళ్లేవాడు. ఆ మూడు గంటలు ఎక్కడికి పోయాయన్న ప్రశ్న మాత్రం అప్పటి నుంచీ నన్ను వదల్లేదు.

ఈ మధ్య ఆ ప్రశ్న అందరి నోళ్లలోనూ నానుతోంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2024 జూలైలో పుణెలో ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ చనిపోయింది. పని భారమే కారణమంటూ ఆమె తల్లి కంపెనీకి రాసిన ఉత్తరం సెప్టెంబరులో దేశమంతా చదివింది. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట అన్నారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రోజువారీ పని పరిమితిని 10 గంటలకు పెంచాయి. నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతిసారీ ఒకరు ‘కష్టపడితే తప్పా?’ అంటారు, ఇంకొకరు ‘ఇది దోపిడీ’ అంటారు. నా ఉద్దేశంలో ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే విషయం గురించి కాదు. ముందు ఆ చిక్కు విప్పాలి.

‘కష్టపడటం’ అనే మాటలో కలిసిపోయిన మూడు పనులు

కొత్తగా హోటల్ పెట్టుకున్న మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బిస్తాడు, రాత్రి పదకొండుకు షట్టర్ దించుతాడు. మధ్యలో విరామాలు తీసేసినా వారానికి 90 గంటలు దాటుతుంది. వ్యాపారం నిలబడితే లాభం ఆయనది, మునిగితే నష్టం కూడా ఆయనదే. ఇది మొదటి రకం: సొంత పని.

సింగరేణిలోనో ఒక మందుల ఫ్యాక్టరీలోనో షిఫ్ట్ అయిపోయాక తర్వాతి షిఫ్ట్ మనిషి రాలేదని ఆగి పనిచేస్తే, ఆ గంటలు రిజిస్టర్‌లో ఎక్కుతాయి. నెలాఖరున జీతంతో పాటు ‘ఓటీ’ డబ్బులు వస్తాయి. ఇది రెండో రకం: జీతం ఉన్న ఓవర్‌టైమ్.

మూడోది ఎవరూ ఆదేశించరు, ఎక్కడా రాయరు, అయినా అందరూ చేస్తారు. రాత్రి తొమ్మిదింటి కాల్. శనివారం సాఫ్ట్‌వేర్ రిలీజ్. విజయవాడ కార్పొరేట్ కాలేజీలో క్లాసులు అయ్యాక లెక్చరర్ స్టడీ అవర్ చూసుకోవడం. బ్యాంకు బ్రాంచిలో కౌంటర్ మూసేశాక ఎనిమిదింటి దాకా టార్గెట్ల రివ్యూ. చేయనంటే ఎవరూ ఉద్యోగం తీసేయరు. అప్రైజల్‌లో రేటింగ్ మాత్రం ఒక మెట్టు దిగుతుంది. ఇదే జీతం లేని ఓవర్‌టైమ్.

హసల్ కల్చర్ అనేది ఈ మూడో రకానికి మొదటి రకం మాటలు తొడిగే అలవాటు. అమెరికా స్టార్టప్‌ల నుంచి ఈ పదం మనకు వచ్చింది. ఎప్పుడూ పనిలో మునిగి ఉండటమే గొప్పతనం, అలసట చెప్పుకోవడం బలహీనత, నిద్ర తగ్గించుకోవడం నిబద్ధతకు గుర్తు అన్న నమ్మకం అది. సొంత కంపెనీ పెట్టినవాళ్ల విషయంలో ఆ నమ్మకానికి ఒక అర్థం ఉంది, వాళ్ల చేతిలో వాటా ఉంది కాబట్టి. నెలకు 44 వేల జీతగాడికి అదే పాఠం చెబితే, అతను యజమానిలా పనిచేస్తాడు, జీతగాడిలా తీసుకుంటాడు.

దీన్ని ‘వెట్టి’ అనేవాళ్లున్నారు. నేను ఆ మాట వాడను. తెలంగాణ పల్లెల్లో దొరల గడీల్లో వెట్టి చేసినవాళ్లకు వెళ్లిపోయే దారి ఉండేది కాదు. కాదంటే దెబ్బలు పడేవి. ఆ బాధను ఏసీ ఆఫీసుతో పోలిస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టు. అలాగని ‘ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చుగా’ అనడమూ అంత తేలిక కాదు. హోమ్ లోన్ ఈఎంఐ, మూడు నెలల నోటీస్ పీరియడ్, రిలీవింగ్ లెటర్ ఇవ్వరేమోనన్న భయం ఉన్నవాడికి తలుపు తెరిచే ఉన్నా గడప చాలా ఎత్తుగా కనిపిస్తుంది.

ఎనిమిది గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి

రోజుకు ఎనిమిది గంటలు అన్నది పోరాడి సాధించుకున్న అంకె. 1886 మే 1న షికాగోతో సహా అమెరికా నగరాల్లో కార్మికులు దీనికోసమే సమ్మె చేశారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంగా రోజుకు 8, వారానికి 48 గంటలనే ప్రకటించింది. బ్రిటిష్ ఇండియాకు మాత్రం ఆ ఒప్పందంలోనే 60 గంటలని విడిగా రాశారు. ఇక్కడివాళ్ల ఒళ్లు వేరే అన్నట్టు.

మన దగ్గర ఆ అంకె మెట్లు దిగుతూ వచ్చింది. ఫ్యాక్టరీల చట్టానికి 1922లో చేసిన సవరణలో వారానికి 60 గంటలు, 1934 చట్టంలో 54, 1946లో 48. ఆ చివరి మెట్టు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక వ్యవహారాలు చూసిన అంబేడ్కర్ కాలంలో పడింది. స్వతంత్ర భారతంలో 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని స్థిరపరిచింది: రోజుకు 9 గంటలకు, వారానికి 48 గంటలకు మించకూడదు, మించితే మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి.

ఆ ‘రెట్టింపు’ దగ్గర కాసేపు ఆగాలి. చాలామంది దాన్ని కార్మికుడి అలసటకు పరిహారం అనుకుంటారు. అది నిజమే కానీ సగమే. అసలు ఉద్దేశం యజమాని లెక్కను మార్చడం. ఉన్న మనిషితోనే రెండు గంటలు ఎక్కువ చేయిస్తే నాలుగు గంటల డబ్బు ఇవ్వాలి కాబట్టి, పని నిజంగా ఎక్కువుంటే ఇంకో మనిషిని పెట్టుకోవడమే చవక. ఓవర్‌టైమ్‌ను ఖరీదైనదిగా చేసి చట్టం కొత్త ఉద్యోగాలవైపు తోస్తుంది. ఆ గంటకు ధర సున్నా అయినప్పుడు తోపు అటునుంచి ఇటు తిరుగుతుంది. పదిమంది టీమ్‌లో ఒక్కొక్కరు రోజుకు మూడు గంటలు ఊరికే చేస్తే అది 30 గంటలు. అంటే దాదాపు నలుగురి ఉద్యోగం. ఆ నలుగురు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇంకో కోర్సు నేర్చుకుంటూ ఉంటారు.

ఒకే జీతం, మూడు రకాల లెక్క

అంకెలు వేసి చూద్దాం. జీతం 44,000. నెలకు 22 పనిదినాలు, ఆఫర్ లెటర్‌లో రోజుకు 8 గంటలు. మొత్తం 176 గంటలు, గంటకు 250 రూపాయలు.

ఇప్పుడు ఆ మనిషి భోజన విరామం పోను రోజుకు 11 గంటలు చేస్తున్నాడనుకుందాం. నెలకు 242 గంటలు. జీతం మారలేదు కాబట్టి గంటకు పడేది సుమారు 182 రూపాయలు. గంటకు 68 రూపాయలు తగ్గింది, కానీ పేస్లిప్‌లో ఆ కోత ఎక్కడా కనపడదు.

రెండో లెక్క ఒప్పందం ప్రకారం. అదనంగా ఇచ్చింది నెలకు 66 గంటలు. మామూలు రేటు వేసుకున్నా 16,500 రూపాయలు. సెలవులు పక్కన పెడితే ఏడాదికి 792 గంటలు. ఒప్పుకున్న 176 గంటల నెలతో భాగిస్తే నాలుగున్నర నెలలు. పన్నెండు నెలల జీతానికి పదహారున్నర నెలల పని.

మూడోది చట్టం ప్రకారం. ఇక్కడే చాలామంది పొరబడతారు. రోజువారీ పరిమితిని పక్కన పెట్టి వారం లెక్కన చూస్తే, ఆఫర్ లెటర్‌లో 40 గంటల వారం ఉన్నా, ఓవర్‌టైమ్ రేటు మొదలయ్యేది చట్టం పెట్టిన 48 గంటలు దాటాకే. వారానికి 55 గంటలు చేస్తే ఏడు గంటలే ఓవర్‌టైమ్. నెలకు సుమారు 31 గంటలు. అర్థం కావడానికి అదే 250 రేటును రెట్టింపు చేసుకుంటే సుమారు 15,400 రూపాయలు. 40కీ 48కీ మధ్య ఉన్న ఎనిమిది గంటలు ఎవరి లెక్కా కాకుండా పోతాయి. వాటిని ఒప్పందం ఆధారంగా అడగాలి తప్ప ఓవర్‌టైమ్ కింద కాదు.

2025 మార్పుల్ని కూడా ఇదే ఉదాహరణతో చూడొచ్చు. ‘రోజుకు పది గంటలు’ అనగానే రోజూ రెండు గంటలు ఊరికే చేయాలన్నట్టు వాట్సాప్‌లో తిరిగింది. తెలంగాణ 2025 జూలైలో దుకాణాలు కాని వాణిజ్య సంస్థల కోసం ఇచ్చిన ఉత్తర్వులో వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. ఐదు రోజులూ పదేసి గంటలు చేస్తే 50, అందులో రెండు గంటలకు ఓవర్‌టైమ్ ఇవ్వాలి. మారింది రోజు పంపకం.

నిజంగా గమనించాల్సిన అంకె వేరే ఉంది, దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. మూడు నెలల్లో ఎన్ని ఓవర్‌టైమ్ గంటలు అనుమతించాలన్న పరిమితి. ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల విషయంలో అది 75 నుంచి 144కు పెరిగింది. తెలంగాణ ఉత్తర్వులోనూ 144. మన ఉదాహరణలోని మనిషికి మూడు నెలల్లో 92 గంటల ఓవర్‌టైమ్ పడుతోంది. ఫ్యాక్టరీలో అయితే పాత పరిమితి కింద డబ్బిచ్చినా అది ఉల్లంఘనే. ఇప్పుడు, ఈ పరిమితి వరకు చూస్తే, డబ్బిస్తే చట్టబద్ధం. పెట్టుబడులు రావాలంటే ఈ వెసులుబాటు కావాలని ప్రభుత్వాలు అంటున్నాయి. ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చిపడే పరిశ్రమల్లో ఆ మాటకు బలం ఉంది. ఎక్కువ గంటలు చేసి రెట్టింపు డబ్బు తీసుకోవాలనుకునే కార్మికులు కూడా ఉన్నారు. కార్మిక సంఘాల భయమల్లా రిజిస్టర్ సరిగా రాయని చోట ‘ఇస్తే చట్టబద్ధం’లోని ‘ఇస్తే’ ఎగిరిపోతుందని.

చట్టం దృష్టిలో ‘వర్కర్’ ఎవరు

ఓవర్‌టైమ్ అందరికీ రాదు. కొత్త కోడ్‌లు 29 కేంద్ర చట్టాల స్థానంలో వచ్చాయి. వాటిలో భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ రోజుకు 8 గంటలు అంటుంది. అంతకుమించి చేయించాలంటే వర్కర్ సమ్మతి కావాలి, రెట్టింపు ఇవ్వాలి. రాసిన మాట మంచిదే. చిక్కు ‘వర్కర్’ అన్న పదంలో ఉంది. శారీరక, నైపుణ్య, సాంకేతిక, గుమాస్తా పనులు చేసేవాళ్లు అందులోకి వస్తారు. ప్రధానంగా మేనేజర్, పరిపాలన పనులు చేసేవాళ్లు రారు. నెలకు 18,000 కంటే ఎక్కువ జీతం తీసుకునే సూపర్‌వైజర్లూ రారు.

మరి సాఫ్ట్‌వేర్ కోడ్ రాసే ఇంజినీర్? చేసేది సాంకేతిక పని కాబట్టి నిర్వచనంలోకి వస్తారన్న వాదన గట్టిదే. హోదా పేరు ఏమిటన్నది కాదు, అసలు చేసే పని ఏమిటన్నదే చూడాలని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అందుకే ఇద్దరికి పని చెప్పే ప్రతి ఒక్కరికీ ‘లీడ్’, ‘మేనేజర్’ అని పేరు పెట్టినంత మాత్రాన విషయం తేలిపోదు. అయితే దాన్ని తేల్చుకోవాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. ఉద్యోగంలో ఉంటూ ఫిర్యాదు చేసేవాళ్లు ఎంతమంది?

టీచర్ల సంగతి ఇంకా ఇబ్బంది. సుందరాంబాళ్ కేసులో 1988లో సుప్రీంకోర్టు టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మన్’ కారని చెప్పింది. చదువు చెప్పడం గుమాస్తా పనో, నైపుణ్య పనో కాదు, అది ఒక ఉన్నతమైన కర్తవ్యం అన్నది ఆ తీర్పు వెనుక భావన. గౌరవంగానే ఉంది. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా క్యాంపస్‌లో ఉండే రెసిడెన్షియల్ కాలేజీ లెక్చరర్‌కు ఆ గౌరవం తలుపు మూసింది.

ఐటీ కంపెనీలకు మన రాష్ట్రాల్లో షాపులు, సంస్థల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ఎప్పటినుంచో మినహాయింపులున్నాయి. రాత్రి షిఫ్టులు, సెలవు రోజుల్లో పని వీలయ్యేది అలాగే. వాటితోపాటు షరతులూ ఉన్నాయి. 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ వాటిలో ఒకటి. ఆ షరతు ఉందన్న సంగతి తెలిసిన ఉద్యోగి నాకు ఇంతవరకూ అరుదుగానే కనిపించాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు దీని ఇంకో రూపం తెలుసు. అక్కడి 1938 చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. కానీ జీతం ఒక స్థాయి దాటిన ప్రోగ్రామర్లు, సిస్టమ్స్ అనలిస్టులు దాని నుంచి మినహాయింపు. హెచ్‌1బీ మీద డాలస్‌లో పనిచేసే తమ్ముడు, గచ్చిబౌలిలో పనిచేసే అక్క ఒకే కాల్‌లో అర్ధరాత్రీ మధ్యాహ్నం కూర్చుంటారు. ఇద్దరికీ ఆ గంటకు విడిగా ఏమీ రాదు.

టైమ్‌షీట్‌లో ఎప్పుడూ 8 ఎందుకు ఉంటుంది

చాలా కంపెనీల్లో పని రెండు రకాల ఒప్పందాల మీద నడుస్తుంది. ఒకటి గంటల లెక్కన బిల్లు. క్లయింట్ రోజుకు ఒక మనిషికి 8 గంటలకే ఒప్పుకుంటాడు. పదకొండు రాస్తే ‘ఎందుకింత పట్టింది’ అని అడుగుతాడు. రెండోది మొత్తం ప్రాజెక్టుకు ఒకే ధర. పోటీలో దక్కించుకోవడానికి ధర తగ్గిస్తారు, గడువు కుదిస్తారు. ఆ తేడాను పూడ్చేది రాత్రుళ్లు.

దీని పర్యవసానం ఇంకో ఏడాదికి బయటపడుతుంది. కొత్త ప్రాజెక్టుకు ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేయడానికి పాత ప్రాజెక్టు టైమ్‌షీట్లు తీస్తారు. వాటిలో అందరూ ఎనిమిది గంటల్లోనే పని ముగించినట్టు ఉంటుంది. దాంతో కొత్త అంచనా కూడా ముందే పావువంతుకు పైగా తక్కువగా పుడుతుంది. ఊరికే చేసిన గంటలు మన నిద్ర పాడుచేయడమే కాదు, కంపెనీ లెక్కల్నీ పాడుచేస్తాయి. గడువు దాటినప్పుడు ‘టీమ్ సరిగా చేయలేదు’ అంటారు. అంచనా తప్పని ఎవరికీ తట్టదు, ఎందుకంటే కాగితం మీద అంతా సరిగ్గా ఉంది.

టైమ్ జోన్ ఇంకో ముడి. ఎండాకాలంలో డాలస్‌లో ఉదయం పది అంటే హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. షిఫ్ట్ మధ్యాహ్నం మొదలైతే ఇబ్బంది లేదు. కానీ ఉదయం పదింటికి రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్ స్టాండప్‌కీ ఉండాలి, రాత్రి కాల్‌కీ ఉండాలి. ‘మధ్యలో ఖాళీయేగా’ అంటారు. ఆ మధ్యలో ఫోన్ మోగుతూనే ఉంటుంది.

మూడోది తోటివాళ్లతో పోటీ. తిరునాళ్లలో నాటకం ఆడుతుంటే ముందువరుసలో ఇద్దరు లేచి నిలబడతారు. వెనకవాళ్లకు కనపడక వాళ్లూ లేస్తారు. కాసేపటికి అందరూ నిలబడే ఉంటారు, అందరికీ కనిపించేది ముందులాగే. రేటింగ్‌లు ఒకరితో ఒకరిని పోల్చి ఇచ్చేచోట ఆఫీసు గంటలు కూడా అలాగే పెరుగుతాయి. పదిమందీ రెండు గంటలు ఎక్కువ కూర్చుంటే టీమ్‌లో టాప్ రేటింగ్ వచ్చేది మళ్లీ ఒక్కరికే. అందుకే దీన్ని ‘వాళ్లిష్టం వాళ్లు చేస్తున్నారు’ అని తేల్చేయడం కుదరదు. ఒకరి ఇష్టం పక్కవాడికి నిర్బంధం అవుతుంది.

డెబ్బై గంటల వాదనను న్యాయంగా తూకం వేస్తే

నారాయణమూర్తి మాటను తిట్టడం తేలిక, వినడం అవసరం. ఆయన చెప్పింది ఇది: భారత్‌లో ఉత్పాదకత ప్రపంచంలోనే తక్కువ స్థాయిలో ఉంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ, జపాన్ ప్రజలు ఎంతో శ్రమించి దేశాల్ని నిలబెట్టారు, మనమూ అలా చేయాలి. ఆయన తన మాటకు తానే ఉదాహరణ. 1994 దాకా వారానికి 85, 90 గంటలు పనిచేశానని చెప్పారు. మొదటి తరంలో డబ్బు చూసిన ఎన్నో తెలుగు కుటుంబాలకు ఈ కథ పరాయిది కాదు. పొలంలో పొద్దున్నే దిగిన తండ్రికి గంటల లెక్క తెలీదు. ఉద్యోగం కొత్తలో ఎక్కువసేపు కూర్చుంటే పని బాగా వస్తుందన్నది కూడా నిజమే. నేను నేర్చుకున్న వాటిలో సగం అలాంటి రాత్రుల్లో పక్కన కూర్చున్న సీనియర్ల దగ్గర నేర్చుకున్నవే.

ఇక వాదనలో చిక్కు. ఉత్పాదకత అంటే వచ్చిన ఉత్పత్తిని పెట్టిన గంటలతో భాగిస్తే వచ్చేది. గంటలు పెంచితే మొత్తం ఉత్పత్తి పెరగొచ్చు. భాగహారంలో కింద ఉన్నది కూడా అవే గంటలు కాబట్టి ఉత్పాదకత పెరగకపోవచ్చు, అలసట వల్ల తగ్గనూ వచ్చు. దాన్ని పెంచేవి మంచి యంత్రాలు, శిక్షణ, కరెంటు, రోడ్లు, సరైన నిర్వహణ. జర్మనీ సంగతీ సగమే చెప్పారు. యుద్ధం ముగిసి పదేళ్లు దాటగానే, 1956లో, అక్కడి కార్మిక సంఘాలు ఐదు రోజుల వారం కోసం ఉద్యమం మొదలుపెట్టి సాధించుకున్నాయి. ఇవాళ ఏడాదికి ఒక్కో ఉద్యోగి సగటు పనిగంటలు అతి తక్కువగా ఉన్న సంపన్న దేశాల్లో జర్మనీ ఒకటి.

గంటలు పెరిగితే పని ఎంత పెరుగుతుందన్నదానికి మంచి ఆధారం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన కార్మికుల రికార్డుల్ని స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో మళ్లీ విశ్లేషించారు. వారానికి సుమారు 50 గంటలు దాటాక గంటకు వచ్చే పని పడిపోతూ వచ్చింది. 70 గంటలు చేసినవాళ్ల ఉత్పత్తికీ 56 గంటలు చేసినవాళ్ల ఉత్పత్తికీ పెద్ద తేడా లేదు. పద్నాలుగు గంటలు కూర్చున్నా అవి గాల్లో కలిశాయి. అది యంత్రాల దగ్గర చేసిన పని, కోడ్ రాసే పనికి నేరుగా వర్తిస్తుందా అని అడగడం న్యాయమే. రాత్రి పన్నెండుకు చేసిన దిద్దుబాటు మర్నాడు ఉదయం రెండు కొత్త తప్పులుగా తిరిగొచ్చిన అనుభవం ఉన్నవాళ్లు మాత్రం జవాబు ఊహించగలరు.

ఒంటిమీదా ఇంట్లోనూ పడే ఖరీదు

2021 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనా ఇచ్చాయి. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో సుదీర్ఘ పనిగంటలతో ముడిపడిన మరణాలు 7,45,000. మన ఉదాహరణలోని మనిషి చేసేది సరిగ్గా 55. ఆఫీసులో అతన్ని ఎవరూ విపరీతంగా కష్టపడుతున్నాడని అనుకోరు. మామూలు ఉద్యోగి అనుకుంటారు.

భారత ప్రభుత్వ 2024-25 ఆర్థిక సర్వే కూడా 60 గంటలు దాటిన పని ఆరోగ్యానికి చేటని, డెస్క్ దగ్గర రోజుకు 12 గంటలకు మించి కూర్చునేవాళ్ల మానసిక స్థితి దిగజారుతోందని రాసింది. 90 గంటల మాట మీద గొడవ జరుగుతున్న నెలలోనే అది వచ్చింది.

ఇంటి లెక్క ఇంకోటి. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే 15 నుంచి 59 ఏళ్ల మహిళలు దానిమీద రోజుకు 305 నిమిషాలు గడుపుతున్నారు. ఐదు గంటలకు పైనే. రాత్రి తొమ్మిదింటి కాల్‌కు మగవాడు కూర్చున్నాడంటే పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టే మనిషి ఎవరో ఇంట్లో ఉన్నారని అర్థం. అదే కాల్‌కు ఆడమనిషి కూర్చోవాలంటే చాలా ఇళ్లలో ఆ రెండో మనిషి ఉండరు. ఆరింటికి బ్యాగ్ తీసుకుని క్యాబ్ ఎక్కినందుకు ‘కమిట్‌మెంట్ తక్కువ’ అనిపించుకుని, ప్రమోషన్ పోగొట్టుకుని, చివరికి ఉద్యోగమే వదిలేసిన తెలివైన అమ్మాయిలు నాకు వ్యక్తిగతంగా తెలుసు. వాళ్లు రాసిన కోడ్‌లో తప్పులు తక్కువ ఉండేవి. ఈ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మిగతా దేశాలు వెతికిన దారులు, అక్కడ తగిలిన అడ్డంకులు

ఫ్రాన్స్ 2017 జనవరి 1 నుంచి పనివేళల తర్వాత ఫోన్‌కూ మెయిల్‌కూ దూరంగా ఉండే హక్కును చట్టంలో పెట్టింది. ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో అదే పని చేసింది. నిరాకరించడం సహేతుకం కాని సందర్భాల్లో తప్ప, బాస్ కాల్‌కు బదులివ్వకపోయినా శిక్షించకూడదు. మన పార్లమెంటులో ఎంపీ సుప్రియా సూలే 2018లో ఇలాంటి ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యులు తెచ్చేది) పెట్టారు, 2025 డిసెంబరులో మళ్లీ పెట్టారు. ప్రైవేటు సభ్యుల బిల్లులు చట్టాలుగా మారడం మన దగ్గర చాలా అరుదు. వ్యతిరేకించేవాళ్ల వాదనలోనూ పస ఉంది: సగం క్లయింట్లు ఇంకో ఖండంలో ఉన్నప్పుడు ‘పనివేళ’ ఏది? సరైన జవాబు షిఫ్టును స్పష్టంగా రాయడం అనిపిస్తుంది. కానీ రాస్తే జీతం లెక్క వస్తుంది.

చైనాలో ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా వారానికి 6 రోజులు అనే ‘996’ పద్ధతిని 2019లో అలీబాబా వ్యవస్థాపకుడు జాక్ మా వరంగా అభివర్ణించారు. 2021 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పింది. నియమం అప్పటికే ఉంది, అమలే లేదు.

జపాన్ కథ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. అతిపనితో చనిపోవడానికి ‘కరోషి’ అని ఒక మాటే ఉన్న దేశం అది. 2015 డిసెంబరులో డెంట్సు అనే ప్రకటనల కంపెనీలో 24 ఏళ్ల ఉద్యోగిని ప్రాణం తీసుకుంది. కారణం అతిపనేనని మరుసటి ఏడాది కార్మిక శాఖ గుర్తించింది. ఆమె స్వయంగా నమోదు చేసిన ఓవర్‌టైమ్ నెలకు 70 గంటలకు కాస్త లోపే ఉంది. కంపెనీలో పరిమితి 70. అధికారులు లెక్కగట్టిన నెలలో మాత్రం వంద దాటింది. నమోదైన అంకెకూ నిజానికీ మధ్య తేడాను బయటపెట్టినవి ఆఫీసు గేటు దగ్గర పడిన రాకపోకల రికార్డులు. ఆ తర్వాత జపాన్ నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలు అంటూ ఓవర్‌టైమ్‌కు పరిమితి పెట్టి 2019 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. అయినా కార్డు పంచ్ చేసి వెళ్లినట్టు చూపించి తిరిగి పనికి కూర్చోవడం అక్కడ పాత అలవాటు. దానికి ‘సర్వీస్ ఓవర్‌టైమ్’ అని పేరు కూడా ఉంది.

యూరప్ ఇంకో వైపు నుంచి వచ్చింది. 2019 మే 14న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం స్పెయిన్ నుంచి వచ్చిన ఒక కేసులో, ప్రతి ఉద్యోగి రోజూ ఎన్ని గంటలు పనిచేశాడో నమ్మదగిన పద్ధతిలో నమోదు చేసే ఏర్పాటు యజమాని దగ్గర ఉండాలని చెప్పింది. గంటల పరిమితి ఎంత అన్నది అక్కడ అప్పటికే చట్టంలో ఉంది. రాయని గంటను లెక్కపెట్టలేం, లెక్కపెట్టలేని గంటకు పరిమితి వర్తించదు అన్నది ఆ తీర్పు తర్కం.

మన ఆఫీసుల్లో ఆ నమోదుకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. యాక్సెస్ కార్డు గేటు దగ్గర ఎన్నింటికి మోగిందో ఉంది. బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే వీపీఎన్‌లోకి ఎప్పుడొచ్చారో ఎప్పుడు వెళ్లారో ఉంది. క్యాబ్ రాత్రి పదకొండూ నలభైకి ఎవరిని ఎక్కించుకుందో, కాల్ ఎంతసేపు నడిచిందో ఉంది. ఆ అమ్మాయి టైమ్‌షీట్‌లో మంగళవారం గడిలో ఉన్న 8, ఆమె కార్డులో ఉన్న రాత్రి పదకొండూ చిల్లర, రెండూ ఒకే కంపెనీ సర్వర్లలో పక్కపక్కనే ఉంటాయి. జీతం లెక్కకు వెళ్లేది మొదటిది. రెండోదాన్ని చూపించమని అడిగే హక్కు ఆమెకు ఉందా, అడిగితే ఎవరివ్వాలి అన్నది కొత్త కోడ్‌ల కింద రాష్ట్రాలు రాసుకునే నిబంధనల్లో ఉండాల్సిన విషయం.